పదిహేనో రీలు

స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని గుంటూరు డాక్టరు చెప్పినప్పుడు వెంకటప్పయ్య ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"ఎప్పుడండి?"

"వచ్చే నెల ఆరో తారీకు. ఈలోపు పరీక్షలన్నీ చేయించుకోండి. బీడీలు కాలుస్తారా?"

"లేదండి. సినిమాహాల్లో ఆపరేటర్నండి. ముప్పయ్యేళ్ళు ప్రొజెక్టర్లో కాలే కార్బన్ పొగ పీల్చానండి."

డాక్టరు తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. మెడ కింద రంధ్రం పెడతామని, ఆ తర్వాత ఊపిరి అక్కణ్ణుంచేనని, గొంతుతో మాట్లాడటం ఇక ఉండదని కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పక్కనే కూర్చున్న భార్య కోటేశ్వరమ్మ ఆ బొమ్మ వంక చూడలేదు. తెనాలి బస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్ళొత్తుకుంటూ ఉంటే, వెంకటప్పయ్య వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టాడు. పంతొమ్మిది.

"రేపు రేపల్లె వెళ్ళొస్తాను," అన్నాడు బొంగురు గొంతుతో.

"ఇప్పుడు రేపల్లెలో ఏంటి పని?"

"బర్నబాస్ మాస్టారితో పనుంది."

ఆ పని ఏమిటో ఆవిడకి అర్థమైంది. నలభయ్యేళ్ళుగా ఆ ఇంట్లో ఆ సంగీతం గురించి వినని గోడ లేదు.

వెంకటప్పయ్యది చీరాల దగ్గర మగ్గాల కుటుంబం. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం ఇష్టంలేక పదిహేడో ఏట తెనాలి వచ్చి ఒక సినిమాహాల్లో చేరాడు. మొదట రీళ్ళు చుట్టేవాడు, తర్వాత ప్రొజెక్టరు నడిపాడు. ఆ హాలు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో ఫంక్షన్ హాలు కట్టారు. నేను కాలేజీలో చదివేటప్పుడు అక్కడ చాలా సినిమాలు చూశాను గాని, వెనక గోడలోని చిన్న కిటికీలోంచి వెలుగు పంపే మనిషి ఎవరో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన్ని ఎరిగింది చాలా తర్వాత, అదీ బర్నబాస్ వల్ల.

1979లో ఆ హాలుకి 'రేవు దాటని పడవ' అనే సినిమా వచ్చింది. కృష్ణ మీద పెనుమూడి రేవులో వంతెన లేని రోజుల్లో తీసింది. ఇద్దరన్నదమ్ములు పడవ నడుపుతుంటారు, తమ్ముడు వరదలో పోతాడు, అన్న ఒంటరిగా పడవ నడుపుతాడు. కథ అంతే. పెద్ద నటులెవరూ లేరు. పాటలు నాలుగున్నా జనం నోట ఒక్కటీ నిలవలేదు. మిగతా ఊళ్ళలో రెండు వారాలు కూడా ఆడలేదు. సంగీతం చేసినాయనకు అది మొదటి సినిమా, మళ్ళీ ఆయన పేరు ఏ తెర మీదా కనబడలేదు. పంపిణీ చేసినవాళ్ళు నష్టపోయి ఆఫీసు ఎత్తేస్తే, ఆ పదిహేను రీళ్ళనీ తీసుకెళ్ళేవాళ్ళే రాలేదు. అవి హాల్లోనే ఉండిపోయాయి. కొత్త సినిమా పెట్టె రైల్లో సమయానికి రానప్పుడల్లా యజమాని "ఆ పడవ సినిమా ఎక్కించెయ్యి" అనేవాడు. అలా పన్నెండేళ్ళలో వెంకటప్పయ్య దాన్ని రెండువందల సార్లకు పైగా నడిపాడు.

ఆ సినిమాలో ఆయన్ని పట్టుకున్నది బొమ్మ కాదు, బొమ్మ వెనక సంగీతం. ఆరో రీల్లో చిన్నకొడుకు కోసం తల్లి రేవులో నిలబడి ఉంటుంది. అక్కడ నలభై సెకన్లు ఏ శబ్దమూ ఉండదు, నీళ్ళ చప్పుడు కూడా. మొదటి ఆటలో జనం "సౌండ్! సౌండ్!" అని కేకలు పెట్టారు. వెంకటప్పయ్య కంగారుపడి వాల్యూమ్ పూర్తిగా తిప్పేశాడు. సరిగ్గా అప్పుడే ఒక్క వీణ తీగ మోగింది. హాలంతా ఉలిక్కిపడింది. ఎవరో చంటిపిల్ల ఏడుపందుకుంది. క్యాబిన్‌లో ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ మౌనం పొరపాటు కాదని, ఎవరో కావాలని అక్కడ పెట్టారని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఎన్ని ఆటలు నడిపినా, జనం ఎంత అరిచినా, ఆ చోట ఆయన చెయ్యి మీట మీదకు పోలేదు.

పదిహేనో రీల్లో మాటలుండవు. పదకొండు నిమిషాలు సంగీతమే. చివరి రీలు ఎక్కించాక ఆపరేటరుకు ఇంకో రీలు సిద్ధం చేసే పని ఉండదు. వెంకటప్పయ్య చెమట తుడుచుకుని, కిటికీ దగ్గర నిలబడి, ఆ పదకొండు నిమిషాలూ వినేవాడు. "రోజంతా ఆ వేడిలో చేసేది దానికోసమే అనిపించేదండి," అని ఒకసారి బర్నబాస్‌తో అన్నాడట.

2011లో హాలు పడగొట్టేటప్పుడు ఆయన బాపట్లలో ఉన్నాడు. కూతురు నాగజ్యోతి కాన్పుకి వెళ్ళి అయిదు రోజులు ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి రీళ్ళ డబ్బాలన్నీ పాత ఇనుముతో పాటు లారీ ఎక్కేశాయి. పాత ఇనుం దుకాణాలన్నీ తిరిగాడు. ఒకచోట డబ్బా మూతలు దొరికాయి. లోపలి ఫిల్ము జిగురుగా అతుక్కుపోయి పుల్లటి కంపు కొడుతోందని తగలబెట్టేశామని దుకాణం మనిషి చెప్పాడు.

తర్వాత పదేళ్ళు వెతికాడు. మద్రాసుకి ఉత్తరాలు రాశాడు. పాత సినిమాలు పోగుచేసే ఒక హైదరాబాదు ఆయన ఫోనులో, నెగెటివ్ ఎప్పుడో పోయిందని, పాటల రికార్డు మాత్రమే ఉందని చెప్పాడు. సెల్‌ఫోన్లో ఎవరో పెట్టిన వీడియో దొరికింది గాని అది యాభై నిమిషాలే. గరగరలాడుతోంది. ఆరో రీలు లేదు, చివరి రీలు లేదు. అంటే ఆ సంగీతం పూర్తిగా ఉన్నది ఇక వెంకటప్పయ్య బుర్రలో ఒక్కచోటే. దాన్ని బయటికి తీసే దారి గొంతు. ఎనిమిది నెలలుగా ఆ గొంతు బొంగురుపోతూ ఉంటే జలుబని, వయసని మిరియాల కషాయం తాగాడు.

రేపల్లెలో బర్నబాస్ కూడా డెబ్భైకి దగ్గరపడ్డాడు. వయసులో ఉండగా పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. కొత్త పాటలు పట్టుకోవడానికి తెనాలి వచ్చి, క్యాబిన్ గుమ్మంలో నిలబడి వినడానికి వెంకటప్పయ్యని అనుమతి అడిగేవాడు. అక్కణ్ణుంచి స్నేహం. మిషన్ బడిలో నేర్చిన నొటేషన్, అంటే స్వరాలు గీతల మీద రాయడం, ఆయనకి బాగా వచ్చు. ఇప్పుడు చర్చిలో కీబోర్డు వాయిస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు.

బర్నబాస్ విషయమంతా విన్నాడు. తర్వాత లేచి, గీతల పుస్తకం ఒకటి, రెండు పెన్సిళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మొదటి రీలు నుంచి మొదలెట్టండి ఆపరేటర్ గారూ. తొందరపడొద్దు. గొంతు రాకపోతే చేత్తో చెప్పండి, పైకా కిందకా అని."

రోజూ పొద్దున్నే రేపల్లె రైలెక్కడం, మధ్యాహ్నం దాకా కూనిరాగం తీయడం, సాయంత్రానికి తెనాలి చేరడం. గొంతు పై స్థాయికి పోయేది కాదు. పోవలసిన చోట గాలి మాత్రం వచ్చేది. అప్పుడు చెయ్యి పైకెత్తి "ఇంకా, ఇంకా" అని గుసగుసలాడేవాడు. బర్నబాస్ కీబోర్డు మీద ఒక్కో మెట్టూ ఎక్కేవాడు. కొన్ని ముక్కలు వెంకటప్పయ్య ఈల వేసి చెప్పేవాడు. మర్చిపోకుండా బర్నబాస్ వాటిని సెల్‌ఫోన్లో పట్టుకుని, రాత్రి కూర్చుని రాసుకునేవాడు.

ఏడో రోజు ఇద్దరికీ మాటామాటా వచ్చింది. సినిమా మొదట్నుంచీ పడవ కదిలినప్పుడల్లా తెడ్డు దెబ్బలా ఒక తాళం వస్తుంది. ఏడు దెబ్బలు, ఒక విరామం. వెంకటప్పయ్య ఏడో రీలు చెబుతూ ఆరు దెబ్బలే కొట్టాడు.

"ఒకటి తప్పింది," అన్నాడు బర్నబాస్.

"తప్పలేదండి. ఇక్కడ ఆరే."

"ఆరెలా అవుతాయి? మొదటి రీల్లో ఏడని మీరే చెప్పారుగా."

"మొదటి రీల్లో ఏడే మాస్టారూ. ఇక్కణ్ణుంచి ఆరే. ఎందుకో నాకు తెలీదు. అలాగే ఉంటది."

బర్నబాస్ విసుక్కుంటూ పెన్సిలు బల్ల మీద పడేశాడు. కాసేపటికి మళ్ళీ తీసుకున్నాడు. ఆరో రీల్లో ఏం జరిగిందో అడిగాడు. తమ్ముడు పోయాడని వెంకటప్పయ్య చెప్పాడు. బర్నబాస్ పుస్తకం వెనక్కి తిప్పి చూసుకున్నాడు. ఆ ఏడు దెబ్బల్లో చివరిది మిగతావాటికంటే సన్నగా, చిన్న డోలు మీద ఉన్నట్టు తనే రాసుకున్నాడు. అది తమ్ముడి తెడ్డు. మనిషితో పాటు దాన్నీ తీసేశారు. ఎక్కడా చెప్పలేదు, చూపించలేదు. వినేవాడికి ఏదో తక్కువైనట్టు ఉంటుందంతే.

"ఇంత చేసినవాణ్ణి మళ్ళీ ఎవరూ పిలవలేదా?" అన్నాడు బర్నబాస్. ఆయన కళ్ళు చెమర్చాయి. వెంకటప్పయ్య రెండువందల సార్లు విన్నా ఆ కారణం ఆ రోజే తెలుసుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ అన్నం కూడా తినలేదు.

"మరి చివరి రీల్లో ఎన్ని?" అడిగాడు బర్నబాస్. "ఏడోది తిరిగొస్తదా?"

"అక్కడిదాకా పోనివ్వండి. వరసలో చెప్తేనే నాకు వస్తది."

పదిహేను రోజులకు పద్నాలుగు రీళ్ళు అయ్యాయి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కోటేశ్వరమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. అన్నం పెట్టింది. తినేదాకా ఆగి అడిగింది.

"ఉన్న గొంతంతా ఆ సినిమాకే పోస్తున్నారు. నాకేమన్నా మిగులుస్తారా?"

ఆయన మెతుకులు కంచం అంచుకి చేర్చాడు.

"నలభై రెండేళ్ళు కాపరం చేశాను. ఈ నాలుగ్రోజులైనా ఇంట్లో ఉండండి. నాతో మాట్లాడండి. ఏదో ఒకటి. తిట్టండి, పోనీ."

వెంకటప్పయ్య చెయ్యి కడుక్కుని వచ్చి బర్నబాస్‌కి ఫోన్ చేశాడు. "చివరి రీలు ఆపరేషనయ్యాక చేద్దాం మాస్టారూ. మాట పోయినా ఈల ఉంటదిగా. ఈల వేసి చెప్తాను, తీరిగ్గా."

బర్నబాస్‌కీ అది సబబుగానే తోచింది. ఈల నోటితో వేసేదే కదా అనుకున్నారు ఇద్దరూ. డాక్టర్ని అడగాలని ఎవరికీ తట్టలేదు.

ఆ నాలుగు రోజులూ ఇల్లు ఖాళీగా లేదు. ఆపరేషన్ సంగతి తెలిసి బంధువులు వస్తూనే ఉన్నారు. చీరాల నుంచి తమ్ముళ్ళు వచ్చారు, పాత హాలు గేట్‌కీపర్ వచ్చాడు. అందరితోనూ ఆయనే మాట్లాడాల్సి వచ్చింది. కోటేశ్వరమ్మ కాఫీలు కలుపుతూ వంటింట్లోనే ఉండిపోయింది. చివరి రోజు పడుకునే ముందు ఆయన ఆమెతో అన్న మాట, "తలుపు గడియ పెట్టావా?" అని. పెట్టానంది.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. తొమ్మిదో రోజున కట్టు మార్చే నర్సు బయటికి వెళ్ళాక, వెంకటప్పయ్య పెదాలు సున్నాలా చుట్టి ఊదాడు. ఏమీ రాలేదు. గాలి మెడ దగ్గర గొట్టంలోంచి బుస్సుమంది. మళ్ళీ ఊదాడు. నోట్లోకి గాలే రాదని, అందుకని ఈల కూడా ఇక లేదని అప్పుడు తెలిసింది. నాగజ్యోతి పలక అందిస్తే తీసుకోకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అక్కణ్ణుంచి బాపట్లలో కూతురి ఇంటికి తీసుకెళ్ళారు. నాగజ్యోతి ఒక కాలేజీలో ల్యాబు చూస్తుంది. రేడియేషన్‌కి, అదే కరెంటు పెట్టించడానికి, వారానికి అయిదు రోజులు గుంటూరు తిప్పింది తనే. నెల తర్వాత బర్నబాస్ చిన్న కీబోర్డు సంచిలో పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే కోటేశ్వరమ్మ ఎదురొచ్చి పక్కకు పిలిచింది.

"అన్నయ్యగారూ, మీ సెల్లులో ఆయన పాడినవి ఉన్నాయంటగా. నాకొకసారి వినిపిస్తారా? పాటే అక్కర్లేదు. మధ్యలో మాటలేమన్నా ఉంటే చాలు."

బర్నబాస్ సంచి కింద పెట్టాడు. "లేవు చెల్లెమ్మా. రాసుకోవడం కాగానే తుడిచేశాను. ఫోను నిండిపోతోందని."

ఆవిడ ఆ సంచి అందుకుంది. "సర్లెండి. లోపలికి రండి. కాఫీ తాగుదురుగాని," అంది. ఇది నాకు చెప్పినప్పుడు బర్నబాస్ మాట మధ్యలో ఆపి నీళ్ళు తాగాడు.

ఆయన ఆ నెలంతా ఊరికే ఉండలేదు. కుర్రతనంలో ఆ సినిమా రెండుసార్లు చూసినవాడే గనుక, లీలగా గుర్తున్నదాన్ని బట్టి, పద్నాలుగు రీళ్ళ పద్ధతిని బట్టి, పదిహేనో రీలు ఊహించి రాసుకొచ్చాడు. అందులో ఏడో దెబ్బ తిరిగొస్తుంది. వెంకటప్పయ్య మంచం పక్కన కూర్చుని ఉత్సాహంగా వాయించాడు. వెంకటప్పయ్య అడ్డంగా తలూపాడు. పలక తీసుకుని "ఇది కాదు" అని రాశాడు. ఏది కాదో రాయలేకపోయాడు. ఆయనకు స్వరాల పేర్లు తెలియవు.

అప్పుడు బర్నబాస్‌కి ఒక ఉపాయం తోచింది. ఒక్కో మీటా నొక్కుతూ పోతే, సరైన స్వరం దగ్గర చెయ్యెత్తమన్నాడు. పని జరిగింది. మొదటి రోజు ఎనిమిది స్వరాలు దొరికాయి. రెండోసారి వచ్చినప్పుడు పదకొండు. ఇలా అయితే ఏడాదికైనా అవుతుందని బర్నబాస్ సంబరపడ్డాడు. వారానికి రెండుసార్లు రేపల్లె నుంచి బస్సులో చెరుకుపల్లి మీదుగా రావడం మొదలుపెట్టాడు. కీబోర్డు మోగినంతసేపూ కోటేశ్వరమ్మ కూడా లోపలికొచ్చి కూర్చునేది. "ఆ నాలుగ్రోజులూ నేనే ఆపానండి," అని ఒకసారి ఎవరూ అడక్కుండానే అంది. వెంకటప్పయ్య వెంటనే పలక తీసుకుని "కాదు" అని రాసి ఆమెకు చూపించాడు.

ఆరు వారాలు గడిచాయి. ఒకరోజు బర్నబాస్ వరస సరిచూద్దామని మొదట్నుంచీ వాయిస్తుంటే, కిందటి వారం చెయ్యెత్తిన చోట వెంకటప్పయ్య ఎత్తలేదు. పక్క మెట్టు దగ్గర ఎత్తాడు. "పోయినసారి ఇది కదండి," అన్నాడు బర్నబాస్. వెంకటప్పయ్య కళ్ళు మూసుకుని, మళ్ళీ వాయించమని సైగ చేశాడు. ఈసారి రెండుచోట్లా చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

"పోనీ తెడ్డు దెబ్బ చెప్పండి. అది మీకు బాగా తెలుసుగా."

వెంకటప్పయ్య మంచం కోడు మీద వేలితో కొట్టాడు. ఏడు. కొట్టి, ఆగి, బర్నబాస్ మొహంలోకి చూశాడు. మళ్ళీ కొట్టాడు. ఆరు. మళ్ళీ ఏడు. వేలు వెనక్కి తీసుకున్నాడు.

ఏం జరిగిందో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. బర్నబాస్ ఊహించి వాయించిన వరస, సరిచూడటానికని పదేపదే వినిపించిన వరస, లోపల ఉన్నదాని మీద పరుచుకుపోయింది. నలభయ్యేళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నది ఆరు వారాల్లో కలగలిసిపోయింది. విడదీయడానికి మరో ప్రతి ఎక్కడా లేదు.

వెంకటప్పయ్య పలక అందుకున్నాడు. "ఏది అదో, ఏది మీదో తెలియటం లేదు. ఆపేద్దాం."

"నా తప్పండి," అన్నాడు బర్నబాస్. "ముందే వాయించకుండా ఉండాల్సింది. ఒక నెల వినకుండా ఉండి చూడండి. తిరిగొస్తదేమో."

నెల ఆగారు. రాలేదు. ఈసారి కీబోర్డు లేకుండా వచ్చిన బర్నబాస్ చివరికి అడిగాడు. "పోనీ మనకు తోచినట్టు పూర్తి చేద్దామా? తప్పని చెప్పేవాడెవడూ లేడుగా."

వెంకటప్పయ్యకు కోపం వచ్చింది. పలక మీద సుద్ద విరిగేలా రాశాడు: "వద్దు. ఖాళీగా వదిలెయ్యండి."

ఆ తర్వాత ఆయన అయిదు నెలలు బతికాడు. ఇంట్లో టీవీ పెట్టనిచ్చేవాడు కాదు. పక్కింటివాళ్ళ రేడియో వినిపిస్తే లేచి కిటికీ మూసేవాడు. నాగజ్యోతి బ్యాటరీతో పనిచేసే మాట యంత్రం తెస్తే, ఒకసారి మెడకు ఆనించి, దాని గొంతు విని, పెట్టెలో పెట్టేశాడు. పలకే బాగుందన్నాడు. కోటేశ్వరమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుంటూ చదువుతుంది. మధ్యాహ్నాలు ఆయన రాసేవాడు, ఆవిడ చదివి, బదులు చెప్పి, తడిగుడ్డతో తుడిచేది. ఏం రాసేవారని నేను ఆవిణ్ణి అడిగాను. "ఏవుంటాయండి, కూరలో ఉప్పు, మందుల వేళలు, పిల్ల చదువు. ఒకరోజు మాత్రం మా పెళ్ళికి నేను కట్టుకున్న చీర రంగు రాశారు. అది తప్పు రాశారు. నేను చెప్పలేదు," అంది.

శ్రావణంలో ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. నాలుగు రోజుల్లో పోయాడు. శవాన్ని తెనాలి తీసుకొచ్చారు. పాత హాలు వాళ్ళు ఇద్దరొచ్చారు. బర్నబాస్ వచ్చాడు గాని ఏమీ వాయించలేదు. ఎవరూ అడగలేదు కూడా.

దినం అయిన మర్నాడు బర్నబాస్ గీతల పుస్తకం తెచ్చి కోటేశ్వరమ్మ ముందు పెట్టాడు. ఆవిడ అట్ట మీద చెయ్యి వేసి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"మీ దగ్గరే ఉంచండి అన్నయ్యగారూ. మా ఇంట్లో ఇది చదివేవాళ్ళు లేరు."

పుస్తకం ఇప్పుడు రేపల్లెలో ఉంది. చివర పన్నెండు పేజీల్లో ఖాళీ గీతలు, పైన 'పదిహేనో రీలు' అన్న పేరు, అంతే. మిగిలినదాన్ని బర్నబాస్ కీబోర్డు మీద, క్లారినెట్ మీద వాయించి తన ఫోన్లో పట్టి, నలుగురైదుగురికి పంపాడు. హైదరాబాదు ఆయన వారం తర్వాత బాగుందని ఒక మాట రాశాడు. ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే పద్నాలుగో రీలు దాకా వాయిస్తాడు. నేను వెళ్ళినప్పుడూ అక్కడికే ఆపి, క్లారినెట్ విడదీసి, గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దుకున్నాడు.